వంతెన మీద ఉన్నవాళ్లు

పాస్టర్ ఒన్వుదివే ఏ మాటకైనా ముందు కళ్లద్దాలు తీసి, అంగీ అంచుతో తాపీగా తుడుచుకునేవాడు. నైజీరియా నుంచి విడిపోయేందుకు జరిగిన బయాఫ్రా యుద్ధంలో, శత్రువు దాటకుండా సొంత సైన్యమే వంతెన పేల్చేసినప్పుడు, దాని మీద పరిగెడుతున్న ఊరి జనాన్ని ఆయన ఒడ్డు నుంచి చూశాడు. చూసిందంతా రాశాడు. అది తెలిసి మర్నాడే ఆ సైన్యం కెప్టెన్ వచ్చాడు. "శత్రువులే పేల్చారని రాయండి పాస్టర్ గారూ. మన పరువు పోతుంది." "పరువా? పసిపిల్లలు నీళ్లలో పడి కేకలేస్తుంటే ఎక్కడికి పోయింది నాయనా మీ పరువు?" కళ్లద్దాలు తుడవకుండానే అరిచాడాయన.

ఆదివారం చర్చిలో కెప్టెన్ మొదటి వరస బల్ల మీదే కూర్చున్నా, పాస్టర్ ప్రసంగం మానేసి ఆ కాగితాలే చదివాడు. తర్వాత చనిపోయినవాళ్ల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. "ఇక చాలు!" అంటూ కెప్టెన్ లేచాడు. వెనక వరసలో ఒక ముసలమ్మ కూడా లేచింది. "కూర్చోవయ్యా, నా కూతురి పేరు ఇంకా రాలేదు" అంది.