పోరంకి పోయినా ఏం కాదు

మా పెద్దమ్మ పోయిన రోజు పొద్దున్నే పెదనాన్న ఫోన్ చేసి, "పోయిందమ్మా" అన్నారు. నేను గన్నవరంలో ఆఫీసుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. "ఏది పెదనాన్నా? కానూరా, పోరంకా?" అన్నాను. ఇన్నేళ్ళుగా ఆ ఇంటి నుంచి ఫోన్ వచ్చి, పోయింది అన్న మాట వినపడితే అది హార్డ్ డ్రైవ్ గురించే. పెదనాన్న, "మీ పెద్దమ్మే అమ్మా" అన్నారు. కాఫీ తాగిన గ్లాసు కింద పెడుతూ అలాగే ఒరిగిపోయిందట.

కానూరు, పోరంకి బందరు రోడ్డు మీది ఊళ్ళు కదా, అవి పోవడమేమిటని మీకు అనిపించవచ్చు. పెద్దమ్మ ఉయ్యూరు హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆ తర్వాత భవానీపురంలో తన ఇంటి ముందు గదిలో కూర్చుని, కళ్ళు కనిపించని డిగ్రీ పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేసేది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం, ఏది అడిగితే అది. ఆ పిల్లలు ఎవరినో ఒకరిని తోడు తెచ్చుకుని వచ్చి, కావలసిన పాఠాలు ఫోన్లలోకి ఎక్కించుకుని వెళ్ళేవారు. రికార్డింగులన్నీ హార్డ్ డ్రైవుల్లో ఉండేవి. ఆ డ్రైవులకు ఏ పేర్లు పెట్టాలన్న దాని మీద జరిగినంత చర్చ మా ఇళ్ళలో ఏ బారసాలకీ జరగలేదు.

పెద్దమ్మ భయస్తురాలు. ఇల్లు తాళం వేసి వీధి చివరి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. చదవడంలోనూ అంతే. ఫ్యాను ఆపేది, కిటికీలు మూసేది, పక్కింట్లో మిక్సీ మొదలైతే నోరు మూసుకుని కూర్చునేది. వాక్యం సగంలో అనుమానం వచ్చి, "మళ్ళీ చదువుతున్నాను" అని మొదటి నుంచి అందుకునేది. ఆవిడ ఒక పేజీ పూర్తి చేసేలోపు పొయ్యి మీద పప్పు ఉడికిపోయేది. నేను ఎప్పుడైనా ఎజెక్ట్ నొక్కకుండా డ్రైవ్ లాగేస్తే, "అన్నం తింటున్న మనిషి ముందు నుంచి కంచం లాక్కుంటావా?" అని కోప్పడేది. క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు కదా అని ఎన్నోసార్లు చెప్పాను. "అది ఎక్కడుందో నువ్వు చూశావా? కనపడని చోట పెడితే దాచుకున్నట్టా, పారేసుకున్నట్టా?" అనేది. నేనూ ఆ రక్తమే. ఇప్పటికీ గ్యాస్ కట్టానో లేదోనని ఆఫీసు నుంచి వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి.

మొదటి డ్రైవుకు దుర్గ అని పెట్టింది. బెజవాడలో ఏ పని మొదలుపెట్టినా ముందు తలుచుకునేది ఆ పేరే కదా. కొన్నాళ్ళు బాగానే నడిచి ఒకరోజు తెరుచుకోవడం మానేసింది. నేను చూసి మామూలుగానే, "దుర్గమ్మ పోయింది పెద్దమ్మా" అన్నాను. ఆవిడ లెంపలేసుకుని, నా చేత వేయించి, ఆ సాయంత్రమే కొండకు తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టించింది. పాఠాలు పోయినందుకు కాదు, ఆ మాట నా నోట వచ్చినందుకు.

తర్వాత మనుషుల పేర్లకు దిగింది. తన దగ్గర పాఠాలు తీసుకుని మొదట పాసైన అమ్మాయి పేరు సరళ. కొత్త డ్రైవుకు ఆ పేరు పెట్టింది. ఆ సరళ ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకుని వచ్చిన రోజునే నేను లోపలి గదిలోంచి, "పెద్దమ్మా, సరళ పాడైపోయింది, పనికిరాదు" అని కేకేశాను. ముందు గదిలో అందరూ విన్నారు. సరళ నవ్వేసింది గానీ పెద్దమ్మ వారం పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక ఎవరికీ నొప్పి కలగకుండా అంకెలు పెట్టుకుంది. ఒకటి, రెండు. దాంతోనే అసలు దెబ్బ తగిలింది. రెండో డ్రైవ్ మొరాయిస్తుంటే రెండింటినీ కంప్యూటర్ షాపులో ఇచ్చి వచ్చింది. షాపతను ఫోన్ చేసి ఏం చెయ్యమంటారు అని అడిగితే, "రెండు తుడిచెయ్ బాబూ" అంది. అతనికి "రెండూ" అని వినపడింది. ఒక దీర్ఘం తేడాతో ఒకటో డ్రైవులోని అర్థశాస్త్రం మొత్తం గాల్లో కలిసిపోయింది. పెద్దమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, ఫ్యాను ఆపి, మొదటి పేజీ తీసి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. ఆ వేసవంతా చదివింది. గొంతు బొంగురుపోయి వేడినీళ్ళు పుక్కిలిస్తూ చదివింది.

అది పూర్తయ్యాక నన్ను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. "పేరంటే పిలవడానికి బాగుంటే చాలదే. దాని పక్కన పోయింది అన్న మాట చేరుస్తాం కదా, అప్పుడు కూడా గుండె గుభేలుమనకూడదు. అట్టాంటి పేరు కావాలి." అలాంటిది ఏముంటుంది అన్నాను. బస్టాండు నుంచి ఉయ్యూరు దాకా ఉద్యోగమంతా తిరిగిన బస్సు ఆవిడకు అప్పటికే తట్టింది. "పోరంకి పోయిందంటే ఏమవుద్ది? రోజూ పోయేదేగా. పోరంకి పోయినా ఏం కాదు."

అలా డ్రైవులు పటమట, కానూరు, పోరంకి, కంకిపాడు, ఉయ్యూరు అయ్యాయి. ఏది ముందో ఏది వెనకో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంకా కొనాల్సి వస్తే పామర్రు ఉంది, గుడివాడ వైపైనా తిరగొచ్చు అనేది. ఆ పేర్లతో పాటే ఒక పద్ధతి పెట్టింది. కునుకు పట్టి మన స్టాపు దాటిపోతే ఏం చేస్తాం? తర్వాత స్టాపులో దిగి వెనక్కి వస్తాం. అందుకని ప్రతి డ్రైవులో ఉన్నదంతా దాని తర్వాతి స్టాపు డ్రైవులో ఇంకో కాపీ ఉండేది. ఆ వయసులో భయపడీ భయపడీ తనంతట తను కనిపెట్టుకున్న పద్ధతి. మా ఆఫీసులో కూడా ఇంత శుభ్రమైన ఏర్పాటు లేదని నేనంటే, పొగడ్త కూడా ఆవిడకు భయమే, దిష్టి తగులుతుందని మాట మార్చేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బి.ఎ. చివరి సంవత్సరం, కళ్ళు కనిపించవు. పెద్దమ్మ పోయిన సంగతి తెలిసి ఏడ్చింది, ఏడ్చి మొహమాటపడుతూ అడిగింది. "అక్కా, ఇట్టాంటప్పుడు అడగకూడదు. వచ్చే సోమవారం నాకు రాజనీతి శాస్త్రం పరీక్ష. టీచరు గారు చదివి ఉంచానన్నారు, వచ్చి తీసుకెళ్ళమన్నారు. ఇంకెక్కడా దొరకలేదక్కా. ఇది పోతే నా ఏడాది పోద్ది."

ఆ పాఠాలు కంకిపాడులో ఉన్నాయని నాకు తెలుసు. ఆ సాయంత్రమే భవానీపురం వెళ్ళాను. డ్రైవ్ బల్ల వెనక, గోడకూ బల్లకూ మధ్య కింద పడి ఉంది. మనుషులు వచ్చిన రోజున కుర్చీల కోసం ఎవరో బల్ల జరిపినట్టున్నారు. తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు చేసింది తప్ప తెరుచుకోలేదు. వైరు మార్చాను, కంప్యూటర్ మార్చాను. మనిషి పోతే చెయ్యాల్సిన పనులు చెప్పడానికి పురోహితుడు ఉన్నాడు, చుట్టాలున్నారు. ఆవిడ మాటిచ్చిన పిల్లకు పాఠాలు అందకపోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళెవరూ లేరు.

కంకిపాడు పోతే ఉయ్యూరు చూడాలి. బీరువాలో పటమట ఉంది, కానూరు ఉంది, పోరంకి ఉంది. ఉయ్యూరు లేదు. బట్టల మడతలన్నీ దులిపాను. మంచం కింద చూశాను, ఆఖరికి పోపుల డబ్బా కూడా తెరిచాను. పెదనాన్న గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, ఏం వెతుకుతున్నావమ్మా అని అడిగారు.

"ఉయ్యూరు పెదనాన్నా. ఉయ్యూరు కనపడటం లేదు."

"ఉయ్యూరు ఉయ్యూరులోనే ఉంది కదమ్మా" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన విసుక్కోకుండా వివరించారు. మొన్నటి వరదల్లో వాళ్ళ వీధి చివరి దాకా నీళ్ళు వచ్చినప్పుడు పెద్దమ్మ డ్రైవులన్నీ ఒళ్ళో పెట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుందట. నీళ్ళు తగ్గాక, అన్నీ ఒకే ఇంట్లో ఉండటం మంచిది కాదని, ఆఖరి డ్రైవును తీసుకెళ్ళి తనతో పనిచేసిన హిందీ టీచరు గారింట్లో పెట్టి వచ్చిందట. నెలకోసారి ఉయ్యూరు వెళ్ళి వస్తుంటే, స్నేహితురాలి మీద బెంగ అనుకున్నాం మేమంతా. కంకిపాడును సంచిలో వేసుకుని వెళ్ళి అక్కడ కాపీ చేసుకుని వచ్చేది.

మర్నాడు సెలవు పెట్టి బస్టాండులో బందరు బస్సెక్కాను. కూర్చున్నానే గానీ కుదురు లేదు. పోయిన నెల వెళ్ళిందో లేదో. వెళ్ళినా కాపీ చేసిందో లేదో. చేసినా ఈ పాఠాలు అప్పటికి చదివిందో లేదో. బెంజి సర్కిల్ దగ్గర బస్సు ఆగిపోతే లేచి నిలబడి ముందుకు చూశాను. పటమట దాటింది, కానూరు దాటింది. పక్కసీటు ఆవిడ కునుకు తీసి ఉలిక్కిపడి లేచి, "పోరంకి పోయిందా అండీ?" అని కండక్టర్‌ని అడిగింది. "పోయిందమ్మా. ఏం కాదు, పెనమలూరులో దిగి వెనక్కి వెళ్ళండి" అన్నాడతను టికెట్లు కొట్టుకుంటూనే. అప్పటిదాకా నేను సరిగ్గా ఏడవలేదు. కర్మల పనుల్లో, వంటల లెక్కల్లో, వచ్చిపోయేవాళ్ళ మధ్య కుదరలేదు. కిటికీ వైపు తిరిగి పెనమలూరు దాకా ఏడ్చాను. ఆవిడ దిగుతూ దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి బస్సు నత్తనడక నడిచింది. హిందీ టీచరు గారు నా కోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళారు. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన స్టీలు డబ్బా పైకి తీశారు. "చెమ్మ తగలదంది. బియ్యం తీసిన ప్రతిసారీ ఉందో లేదో తడిమి చూడమంది. రోజూ చూస్తూనే ఉన్నానమ్మా" అన్నారు. పోయిన నెల వచ్చిందా అని అడిగాను. "వచ్చింది. ఎక్కుతోంది ఎక్కుతోంది అని మా కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. అన్నం కూడా అక్కడికే పట్టుకెళ్ళాను."

వచ్చేటప్పుడు డబ్బాను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. చూసేవాళ్ళు ఏమనుకున్నారో.

డ్రైవ్ తెరుచుకుంది. పెదనాన్న గుమ్మంలోంచి కదల్లేదు, తెరుచుకుందని చెప్పాక వెళ్ళి మంచినీళ్ళు తాగారు. రాజనీతి శాస్త్రం పాఠాలన్నీ ఉన్నాయి, ఆఖరిది ఒక్కటి తప్ప. అది ఉయ్యూరు నుంచి వచ్చాక చదివి ఉంటుంది, కంకిపాడుతోనే పోయింది. పుస్తకం బల్ల మీదే ఉంది. తప్పేది లేక ఫ్యాను ఆపి, కిటికీలు మూసి ఆ పాఠం నేనే చదివాను. తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో ఎక్కడా ఆగకుండా చదివేశాను.

శుక్రవారం ఆ అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. ముందు గదిలో చాప మీద కూర్చుని, నేను ఫోన్లోకి ఎక్కించిన పాఠాలు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుంది. ముందు నాది పెట్టింది. వింటూ చిన్నగా నవ్వింది.

"మీరు చాలా గబగబా చదివారక్కా. మీది ఉన్న స్పీడులోనే వినాలి. టీచరు గారిదైతే మేమందరం డబుల్ స్పీడు పెట్టుకుంటాం."

"ఎందుకమ్మా?"

"అలవాటక్కా. పుస్తకం ఎక్కువుంటది, టైము తక్కువుంటది. ఆవిడేమో నెమ్మదిగా చదువుతారు. ఆవిడ మామూలు గొంతు ఎట్టుంటదో ఎదురుగా మాట్లాడినప్పుడు తప్ప మాకు గుర్తే ఉండదు."

అని, అలవాటు స్పీడులోనే పెద్దమ్మ పాఠం పెట్టింది. ఆ గొంతు ఎవరిదో నేను పోల్చుకోలేకపోయాను. సన్నగా, హుషారుగా, ఇరవయ్యేళ్ళ పిల్లలా ఉంది. వాక్యాల మధ్య తడబాటు లేదు, తప్పు చదివానేమోనన్న గుంజాటన లేదు. "మళ్ళీ చదువుతున్నాను" అన్న మాట కూడా సరదాగా, ఆటలో ఇంకో చుట్టు కొడుతున్నట్టుగా వచ్చింది. పెద్దమ్మ అంత ధైర్యంగా మాట్లాడగా నేను జన్మలో వినలేదు. ఈ పిల్లలు ఇన్నేళ్ళుగా విన్నది ఆ మనిషినే.

పెదనాన్న వంటింట్లోంచి వచ్చి, తడి చేతులతో గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "ఎవరమ్మా ఆ అమ్మాయి?" అన్నారు.

ఆయన కాసేపు చెవి ఒగ్గి విన్నారు. తర్వాత మెల్లగా వచ్చి మా పక్కన చాప మీద కూర్చున్నారు.

ఆ అమ్మాయి వేలు ఫోన్ మీద పెట్టి, "అక్కా, అన్నీ ఉన్నాయి. ఆపెయ్యనా?" అంది.

"వద్దమ్మా, ఉండనీ" అన్నారు పెదనాన్న.