అమ్మ ఇచ్చిన శాంపిల్

అమ్మకు రక్తం తగ్గుతోందని తెలిసిన రోజు నేను పెద్దగా కంగారు పడలేదు. ఆడవాళ్ళకు ఉండేదేగా, నాలుగు దానిమ్మకాయలూ ఓ డబ్బా ఐరన్ మాత్రలూ చాలనుకున్నాను. పంజాగుట్టలో మేం చూపించుకునే డాక్టరు గారు మాత్రం, డెబ్బయ్యేళ్ళ మనిషికి రక్తం ఊరికే తగ్గదమ్మా, పేగుల్లో ఎక్కడైనా కారిపోతోందేమో చూడాలి అన్నారు. మలంలో కంటికి కనబడనంత రక్తం ఉన్నా పట్టుకునే పరీక్ష రాసి, మూతకు బుల్లి చెంచా ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇప్పించారు. ఆ డబ్బా చూడగానే అమ్మ ముఖం మాడిపోయింది.

అమీర్‌పేటలో మూడో అంతస్తు ఫ్లాట్లో అమ్మా నేనూ ఉంటాం. నాన్న పోయాక గోదావరి జిల్లా వదిలి నా దగ్గరికి వచ్చేసింది గానీ, మడి మాత్రం వదల్లేదు. పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక తల మీద నీళ్ళు పడనిదే వంటింట్లో అడుగు పెట్టదు. ఆ పనికి పేరు కూడా పెట్టదు, "బయటికెళ్ళొస్తా" అంటుంది. ఫ్లాట్లో బయటెక్కడుందమ్మా అని నేను ఏడిపిస్తుంటాను. అదే మనిషి, పాలతను సనత్‌నగర్ వైపు నుంచి ప్రతి శుక్రవారం కవర్లో తెచ్చిచ్చే ఆవు పేడను ఒట్టి చేతులతో పిసికి, నీళ్ళలో కలిపి గుమ్మం ముందు టైల్స్ మీద చల్లుతుంది. పక్క ఫ్లాటావిడ ముక్కు మూసుకుంటే, "కంపేంటమ్మా, లక్ష్మీదేవి కదా అది!" అంటుంది.

డబ్బాను టేబుల్ మీద పెట్టి, "రేపు దీన్ని నా బ్యాగులో, అన్నం బాక్సు పక్కన పెట్టుకుని మోసుకెళ్ళాలి. ఛీ, నా ఖర్మ!" అన్నాను. ట్రాఫిక్‌ను తిట్టుకున్నంత మామూలుగానే అన్నాను. అమ్మ డబ్బా తీసి పక్కన పెట్టి, "రేపు వద్దు, శుక్రవారం ఇస్తాను" అంది. వారాలూ వర్జ్యాలూ దీనిక్కూడానా అని నవ్వుకున్నాను.

శుక్రవారం పొద్దున రెండు కవర్లలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి డబ్బా నా చేతికిచ్చింది. బేగంపేటలో ఆఫీసుకి పోతూ దారిలో ల్యాబ్‌లో ఇచ్చేశాను. రిపోర్టులో రక్తం ఆనవాలే లేదని వచ్చింది. డాక్టరు గారు ఊపిరి పీల్చుకుని, మాత్రలు రాసి, మూడు నెలలాగి మళ్ళీ రమ్మన్నారు. ఆ సాయంత్రం నేను స్వీట్లు తెచ్చాను. అమ్మ ఒక్కటి కూడా ముట్టలేదు.

మూడు నెలలు తిరిగేసరికి అమ్మ మెట్రో స్టేషన్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. రక్తం ఇంకా పడిపోయింది. డాక్టరు గారు తల పట్టుకుని, ఈసారి ఆ పరీక్షతో పాటు, పురుగులేమైనా ఉన్నాయేమో మైక్రోస్కోపులో కూడా చూడమని రాశారు. అమ్మ మళ్ళీ శుక్రవారమే అంది. మళ్ళీ అవే రెండు కవర్లు, అదే రబ్బరు బ్యాండు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటుంటే ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది.

"మేడమ్, జర ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. అమ్మ ఏం తింటున్నరు?"

"అన్నం, పప్పు. ఎందుకండీ?"

"గడ్డి గిట్ల తింటున్నరా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏం మాటలండీ అవి అన్నాను.

"కోపం చెయ్యకుండ్రి మేడమ్. శాంపిల్ల అంతా గడ్డి పీచే ఉన్నది. నేను ఇరవై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న. గిది మనిషిది కాదు మేడమ్. ఆవుదో, బర్రెదో."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పక్కవాళ్ళు ఏమైందని అడుగుతుంటే లేచి పక్కకెళ్ళాను. శుక్రవారం గుర్తొచ్చింది.

"మరి మూడు నెలల కింద ఇచ్చింది?" అన్నాను.

"గప్పుడు మిషన్ల రక్తం పరీక్ష ఒక్కటే చేసినం. గా పరీక్ష మనిషి రక్తాన్నే పట్టుకుంటది. పేడల ఏం దొరుకుతది మేడమ్?"

ఆటోలో ఇంటికొచ్చాను. దారి పొడుగునా ఏమేం తిట్టాలో మనసులో పేర్చుకుంటూనే వచ్చాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. నా ముఖం చూసి చేతిలోది పళ్ళెంలో పెట్టేసింది.

"పేడ పెట్టావా?"

"అవునే."

"రెండుసార్లూనా?"

తలూపింది.

"నీకు మతి పోయిందా అమ్మా! ఎందుకు చేశావు?"

"ఛీ అన్నావు కదే," అంది. "నా మైలంతా నీ అన్నం పక్కన మోయించనా? పేడైతే పవిత్రం, నీకు ఏ దోషమూ అంటదు. పేగులో పుండుంటే నాకు తెలీదా, డబ్బా చెప్పాలా అనుకున్నాను."

పేర్చుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున నేనే చేతికి తొడుగు వేసుకుని అమ్మతో పాటు బాత్రూంలోకి వెళ్ళాను. వద్దే, వద్దే అంటూ అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. చెంచా ముంచకముందే కనబడింది, ఎర్రగా. మైక్రోస్కోపూ మిషనూ ఏవీ అక్కర్లేదు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఉగాది ముందు నుంచి. మొలలే అనుకున్నాను."

ఉగాదికీ ఆ రోజుకీ మధ్య ఆరు నెలలు. ఒక్క ఫ్లాట్లో, ఒక్క బాత్రూం వాడుకుంటూ, నాకేమీ తెలియలేదు.

సోమాజిగూడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. గొట్టం వేసి చూశారు, పెద్దపేగులో గడ్డ ఉంది. స్కాన్ చేశారు, అది కాలేయానికీ పాకిన మచ్చ కనబడింది. అమ్మను బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి, మూడు నెలల కిందట వచ్చుంటే ఆ మచ్చ ఉండేదా అని సర్జన్‌ను అడిగాను. అది ఎవరూ చెప్పలేరమ్మా అన్నారాయన. ఆపరేషన్ సంగతి, ఆ తర్వాత ఎక్కించే మందుల సంగతి ఇంకా ఏవేవో చెప్పారు. సగం వినబడలేదు.

బయటికి వచ్చాను. అమ్మ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"నేను చేసిన పని వల్లేనా?" అంది.

"కాదమ్మా," అన్నాను.

సరేనన్నట్టు తలూపింది. నమ్మలేదని నాకు తెలుసు.