తిట్ల పంతులు కొండెక్కిన రోజు

ఆ రోజుల్లో కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు రెండు జాతులుగా ఉండేవాళ్ళు. పర్మనెంటు జాతి, టెంపరరీ జాతి. ఎండలో ఇద్దరూ కలిసి నడుస్తుంటే ఎవరు ఏ జాతో కనిపెట్టడం చాలా సులువు. గొడుగు కింద నడిచేవాడు పర్మనెంటు, ఆ గొడుగు పట్టుకుని ఎండలో నడిచేవాడు టెంపరరీ. యుద్ధం ముగిసిన కొత్తలో తిరుపతిలోని ఒక కాలేజీలో తెలుగు ట్యూటరుగా చేరిన నేను రెండో జాతివాణ్ణని వేరే చెప్పాలా? పర్మనెంటు కావాలంటే పరిశోధన చేయాలన్నారు. సరే చేద్దామని చూస్తే మంచి విషయాలన్నీ పెద్దవాళ్ళు ఎప్పుడో పంచేసుకున్నారు. ప్రబంధాలు ఒకాయనవి, శతకాలు ఒకాయనవి. వ్యాకరణం మా శాఖాధిపతి సొంత ఆస్తి, అటువైపు తొంగిచూడడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. (ఆయన ముక్కుపొడి పీల్చి తుమ్మితే పక్క గదిలో లెక్కల క్లాసు ఆగిపోయేది. అందుకే మేము చాటున ‘ముక్కుపొడి పంతులు’ అనేవాళ్ళం.) చివరికి ఎవరూ ముట్టుకోకుండా మిగిలినవి తిట్లు. ‘చిత్తూరు మండల వ్యవహారంలో దూషణ పదజాలం’ అని గంభీరంగా పేరు పెట్టి మొదలుపెట్టాను. నెల తిరక్కముందే పిల్లలు నాకు ‘తిట్ల పంతులు’ అని అంతకంటే గంభీరమైన పేరు పెట్టారు.

ఈ పరిశోధనలో ఉన్న చిక్కు మీకు తెలియదు. పాటలు కావాలంటే పాడమని అడగవచ్చు, సామెతలు కావాలంటే చెప్పమని అడగవచ్చు. “అయ్యా, నన్ను కాస్త తిట్టండి” అంటే మాత్రం మనవాళ్ళు తిట్టరు. “అయ్యో సామీ, సదువుకున్నోళ్ళు, మిమ్మల్ని యెట్ట తిట్టేది!” అని చెంపలు వేసుకుంటారు. జట్కావాళ్ళకు కాఫీలు తాగించి, గుర్రాన్ని తిట్టేటప్పుడు పక్కన కూర్చుని రాసుకున్నాను. కాబట్టి నా వ్యాసంలో మొదటి భాగమంతా, నిజం చెప్పాలంటే, గుర్రాలకు చెందినది. చిత్తూరులో మా నాయన ఈ సంగతి విని తలపట్టుకున్నాడు. “ఒరే, అంత సదువు సదివి తిట్లు నేర్సుకుంటా ఉండావంట! అవి మన ఈదిలో ఊరికే నేర్పుతారు గదరా! ఈ ఎండాకాలం లోపల పర్మనెంటు కాలేదంటే పెట్టె సర్దుకోని వచ్చేయ్. మీ మామ బెల్లం మండీలో గుమాస్తా లేక అల్లాడతా ఉండాడు” అని ఖచ్చితంగా చెప్పేశాడు. బెల్లం మీద నాకు ద్వేషం లేదు. కానీ ఈగలు తోలుకుంటూ బతుకంతా గడపాలన్న ఊహ వస్తే రాత్రి అన్నం సహించేది కాదు.

నా వ్యాసం చూసి ఔనో కాదో చెప్పడానికి మద్రాసు నుంచి ఒక ఆచార్యులవారు వస్తున్నారన్నారు. ఆయన ఊ అంటే నేను లెక్చరర్ని, ఊహూ అంటే మామ గుమాస్తాని. మా ఊరికి ఏ పండితుడు వచ్చినా మాకోసం రాడు. వెంకటేశ్వరస్వామి కోసం వస్తాడు, వచ్చినందుకు మాకు ఒక ఉపన్యాసం ఇచ్చిపోతాడు. ఆయన్ని కొండకు తీసుకుపోయి, దర్శనం చేయించి, ప్రసాదంతో సహా భద్రంగా దించడం టెంపరరీ జాతి పని. అప్పటికి ఘాట్ రోడ్డు పడి బస్సులు తిరుగుతున్నాయి కాబట్టి సరిపోయింది గాని, అంతకుముందు మెట్లదారి రోజుల్లో మా జాతివాళ్ళ పైకి రావడమంతా పిక్కల బలం మీదే ఆధారపడి ఉండేదట.

ఆచార్యులవారు పొట్టిగా, బొద్దుగా ఉండే మనిషి. పెద్ద జరీ తలపాగా, దాని కింద సీసా అడుగులంత మందం అద్దాలు, వాటి కింద గుబురు మీసం. ఈ మూడూ తీసేస్తే మిగిలే ముఖం ఎలా ఉంటుందో ఆలోచించే అవసరం నాకు రాలేదు. బస్సులో ఆయన నా వైపు తిరిగి, “అబ్బాయ్, నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగను. తిట్లు వచ్చినవాడివో, ఊరికే రాసినవాడివో నాకు తెలియాలి. వీలు చూసుకుని నేనే పరీక్షిస్తాను, ముందుగా చెప్పను” అన్నారు. అంతే, ఆ క్షణం నుంచి ఆయన దగ్గినా నాకు ప్రశ్నలాగే వినిపించింది.

కొండమీద ఆయనకు తలనీలాల మొక్కు ఉంది. కల్యాణకట్ట ముందు తలపాగా, అద్దాలు, పట్టు ఉత్తరీయం తీసి నా చేతిలో పెట్టి, “అద్దాలు లేకపోతే నాకు మనిషీ స్తంభమూ ఒకటే, నన్ను వదలకు” అని లోపలికి వెళ్ళారు. నేను బయట నిలబడి తిట్లన్నీ అక్షరక్రమంలో నెమరువేసుకోవడం మొదలుపెట్టాను. ‘క’ గుణింతం దాటి ‘చ’ లోకి అడుగుపెట్టి కళ్ళెత్తి చూస్తే, నా చుట్టూ గుండ్లే గుండ్లు! అన్నీ నున్నటివి, అన్నిటికీ గంధం పూత, అందరికీ స్నానం చేసిన తడి పంచె, మీసమున్న మొహం ఒక్కటీ లేదు. తిట్లను ‘చ’ దగ్గరే వదిలేసి ఒక్కో గుండునూ పరిశీలించడం మొదలుపెట్టాను. అంతలో స్వామి దయవల్ల పొట్టిగా, బొద్దుగా ఉన్న ఒక గుండు ఎండకు కళ్ళు చికిలించుకుని దిక్కులు చూస్తూ కనబడింది. ఒక్క పరుగున పోయి ముక్కుకు అద్దాలు తగిలించి, నెత్తిన తలపాగా పెట్టి, ఉత్తరీయం కప్పాను.

“యెవురప్పా నువ్వు? నా కండ్లకు ఏం తగిలించినావు? లోకమంతా గిర్రున తిరగతా ఉండాది! మడసాంబ్రాణీ!” అని అరిచాడాయన.

నా ఒళ్ళు పులకరించింది. పరీక్ష మొదలైంది! చేతులు కట్టుకుని, “చిత్తం. ఇది అరవదేశపు సరిహద్దు మాట, నగరి వైపు వాడుకలో ఉంది. పాకాల వైపు దీనికి బదులుగా మట్టిబుర్రోడా అంటారు” అని జవాబు చెప్పాను.

“నన్ను మట్టిబుర్రోడంటావా? నీ జిమ్మడ!”

“చంద్రగిరిలో నీ బండబడ అంటారండీ.”

“నీ నోట్లో మన్ను బడ!”

“అది జిల్లా అంతటా ఉంది.”

ఆయన అద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, వాటి మీదినుంచి నన్ను కిందనుంచి మీదిదాకా చూశాడు. ఆ చూపులో మెప్పు కనిపించింది నాకు. (మనం చూడాలనుకున్నది చూపించడంలో కళ్ళను మించినవి లేవు.) ఆ తర్వాత ఆయన తాను నగరిలో చీరలు నేయించే మనిషినని, తనవాళ్ళు బస్సు మాట్లాడుకుని వచ్చారని, స్నానం చేసి వచ్చేలోపల తప్పిపోయారని వాపోతుంటే నేను ముగ్ధుణ్ణైపోయాను. మద్రాసులో ఉంటూ ఈ యాస ఎలా పట్టారు! వేషం కూడా ఎంత బాగా కట్టారు! “మీకోసం అందరూ కింద కాలేజీలో ఎదురుచూస్తున్నారండీ” అన్నాను. “కాలేజీలోనా? మా ఆడదానికి కాలేజీలో ఏం పనప్పా?” అన్నాడు. ఆ చమత్కారానికి విరగబడి నవ్వాను. దర్శనం చేయించాను, పులిహోర, దద్ధ్యోజనం కడుపునిండా పెట్టించాను. ఆయన కూడా మెత్తబడ్డాడు. బస్సులో నా భుజం మీద తలపెట్టి గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఆ గుండుమీది గంధం నా చొక్కాకు అంటుకుంటుంటే, పర్మనెంటు ముద్ర పడినట్టే ఉంది నాకు.

కాలేజీ వరండాలో ముక్కుపొడి పంతులుగారు దండతో ఎదురొచ్చి మెడలో వేసి, “దర్శనం దివ్యంగా జరిగిందా?” అని అడిగారు. “దర్శనానికేమప్పా, బాగానే అయింది. ఈ పిల్లోడే రవ్వంత తిక్కలోడు. నేనొకటి తిడితే వీడు రెండు తిడతాండాడు” అన్నాడు అతిథి. ఫలితం ప్రకటిస్తున్నారనుకుని నేను ఉబ్బిపోయి, “శాఖాధిపతిగారి ఎదుట ఇంకొక్కటి అడగండి” అని వేడుకున్నాను. అప్పుడే పంతులుగారు చిటికెడు ముక్కుపొడి పీల్చి ఒక తుమ్ము తుమ్మారు. ఆ పొడంతా పోయి అతిథి అద్దాల నిండా పడింది. “థూ! యెవుడీ తిక్కనాయాలు?” అన్నాడాయన. నేను ఆలస్యం చేస్తానా? పంతులుగారి వైపు చేయి చూపిస్తూ, “తిక్కనాయాలు మామూలు వాడుకండీ. వీరిలాంటి పెద్దవయసువాళ్ళనైతే పలమనేరు వైపు ముసలి తొండ అంటారు” అని ఠకీమని చెప్పేశాను.

పంతులుగారి చేతిలోని ముక్కుపొడి డబ్బీ కిందపడి దొర్లింది. అంతలో ఒక బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులోంచి ఒకామె దిగి, “యాడ సచ్చినాడు మా ఆయన?” అంటూ కొంగు బిగించి వచ్చింది. ఆమె వెనక, ఎవరిదో తువ్వాలు కొస పట్టుకుని తడుముకుంటూ, ముఖమంతా నవ్వుతో పొట్టి, బొద్దు, గుండు మనిషి మరొకరు. “అబ్బాయ్!” అన్న ఆ గొంతు విన్నాక గాని, అసలు ఆచార్యులవారు ఈయనేనని నాకు తెలియలేదు. జరిగిందేమిటంటే, కొండమీద నగరివాళ్ళ బస్సును చూసుకునే మేస్త్రీ గుండ్లు లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయింది, బండి కదిలింది. చూపు ఆనని ఆచార్యులవారిని ఎవరో చేయి పట్టి ఆ బస్సులోకి ఎక్కించేశారు. ఆలస్యం చేసిన మొగుడు వెనక సీట్లో ఉన్నాడనుకుని ఆమె ముందు సీట్లోంచి తల తిప్పకుండానే కొండ దిగేదాకా తిట్టింది. కింద దిగి చూస్తే గుండు తనది కాదు! “నా తలపాగా ఎవరి నెత్తిన ఉందో వాడే మీ ఆయన” అని ఆచార్యులవారే వాళ్ళకు కాలేజీ దారి చెప్పి తీసుకొచ్చారు.

“ఓరి నీ సోకు సల్లగుండ! నేను రోడ్డున బడి ఏడస్తా ఉంటే నువ్వు ఈడ దండేసుకోని పెండ్లికొడుకు మాదిరి కూసున్నావా?” అని ఆమె మొగుడి మీద పడింది. “నేనేం జేసేదే! ఈ పిల్లోడు అన్నం పెడతా ఉంటే వద్దంటానా?” అని ఆయన నన్ను చూపించాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. “మనిషిని మార్సుకోని పోయే మాయదారి మొగమా! నీ సదువు సట్టుబండలు గాను! పాఠం సెప్పే నోట్లో పల్లేర్లు మొలవ!” అని మొదలుపెట్టి, ఊపిరి తిప్పుకోకుండా ఏకధాటిగా ఏకిపారేసింది. నన్ను నన్నుగా, గుర్రాల ప్రమేయం లేకుండా, ఒక మనిషి మనస్ఫూర్తిగా తిట్టడం అదే మొదలు. ఉద్యోగం పోయిందని తెలుసు, మండీలో ఈగలు కనబడుతున్నాయి. అయినా నా చేయి నా మాట వినకుండా జేబులోంచి పెన్సిలు తీసింది. “అమ్మా, పల్లేర్ల తర్వాత ఏమన్నారు? కొంచెం నిదానంగా...” అన్నాను.

ఆమె బిగించిన కొంగు వదిలేసి మొగుడి వైపు తిరిగింది. “నేను సెప్పలా, తిక్కలోడని” అన్నాడు మొగుడు.

ఆచార్యులవారు పొట్ట పట్టుకుని నవ్వారు. అద్దాలు తీసుకుని, తుడిచి పెట్టుకుని, “నీ వ్యాసంలో ఆడవాళ్ళ తిట్టు ఒక్కటీ లేదయ్యా. ఈ రోజు నేను విన్నవాటిలో సగం నీ దగ్గర లేవు” అన్నారు. “మీరు ఆమె భర్త కాదని బస్సులోనే చెప్పి ఉండవచ్చు కదండీ?” అని పంతులుగారు అడిగితే, “చెబితే ఆపేస్తుందేమోనని భయమేసింది” అన్నారు. తర్వాత నన్ను చూపించి, “తిట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. పెన్సిలు తీసేవాడు దొరకడు. ఇతన్ని పోనివ్వకండి” అని చెప్పారు. ముక్కుపొడి పంతులుగారు నన్ను పోనివ్వలేదు. నాతో మాట్లాడటం మాత్రం చాలాకాలం మానేశారు. పర్మనెంటు అయ్యానని చిత్తూరు పోయి చెబితే మా నాయన ఆశ్చర్యపోయి, “తిడితే ఉద్యోగమిచ్చినారా! అట్టయితే మీ అవ్వ బతికుంటే ప్రిన్సిపాలయ్యుండును గదరా!” అన్నాడు.

ఆ నగరి దంపతులు ఏటా కొండకు వచ్చేవాళ్ళు. వచ్చినప్పుడల్లా ఆమె మా ఇంటి గేటు దగ్గర నిలబడి, “ఒరే మడసాంబ్రాణీ, ఉండావా? ఈ యేడు కొత్తయి కావాల్నా, పాతవే సాలునా?” అని కేకవేసేది. కాఫీ తాగి, నన్ను కడుపునిండా తిట్టి, ఒక తువ్వాలు చేతిలో పెట్టి పోయేది. నా వ్యాసం పుస్తకమైనప్పుడు అందులో మంచి భాగమంతా ఆమెదే. ఒక ఏడు ఆయన ఒక్కడే వచ్చాడు. గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నాకు విషయం అర్థమై మెట్లు దిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. “పోతా పోతా, ఆ తిక్కలోణ్ణి ఒగసారి తిట్టిరా అనిందప్పా” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు, పెదవులు కదిపాడు, చివరికి తల అడ్డంగా ఊపి, “నాకు ఆమె మాదిరి రాదప్పా” అన్నాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఏడ్చాం.

ఇప్పుడు నన్ను అందరూ ‘ఆచార్యా’ అంటారు. సభల్లో ఎవరో ఒకరు నా గొడుగు పట్టుకుంటారు. వద్దన్నా వినరు. ఇంత మర్యాదలో బతకడం కష్టంగానే ఉంటుంది. మొన్న అద్దాలు ఎక్కడ పెట్టానో మరిచిపోయి ఇల్లంతా వెతికి వెతికి, చివరికి అవి నా నెత్తిమీదే ఉన్నాయని తెలిసినప్పుడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, “ఒరే మడసాంబ్రాణీ, ఉండావా?” అని ఆమె రాగంలోనే నన్ను నేను పిలుచుకున్నాను. ప్రాణం లేచొచ్చింది.