కుంకుమ పెట్టిన కేబుల్

నాకు అక్షరాలు పూర్తిగా రావు. నేను చెబుతున్నాను, మా కోడలు రాస్తోంది. మధ్యలో నా మాటను మెత్తగా చేయకమ్మా అని ముందే చెప్పాను. నాది గరుకు నోరు, అలాగే రానీ.

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో, ఒక ఇంటి మేడ మీద మా కార్ఖానా. పేరుకే కార్ఖానా. నాలుగు బల్లలు, ఒక కంప్యూటర్, కొద్దిమంది ఆడవాళ్ళం. నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారును ఆపే పెట్టెలు చేస్తాం. పెట్టె లోపల అరచేయంత ఆకుపచ్చ బోర్డు ఉంటుంది, మోటారుకు హుకుం చేసేది అదే. నేను ఆ పెట్టెలకు మూతలు బిగించేదాన్ని.

మూత పడకముందు బోర్డును కంప్యూటర్‌కు తగిలించి, పని నేర్పి, పరీక్ష చేయాలి. ఆ పని చేసే ఆమె మానేసింది. సేటు కొత్త మనిషి కోసం వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతుంటే నేనే ఎదురెళ్ళాను.

"సేట్, గా కుర్సీల నేను కూసుంట."

ఆయన నవ్వాడు. "అమ్మా, నీకు చదువు రాదు కదా. స్క్రీన్ మీద అంతా అంగ్రేజీ."

"అంకెలొస్తయ్. బస్సు నంబర్లు చూసే ఎక్కుతున్న గదా, ఒక్కసారన్న తప్పు బస్సు ఎక్కిన్నా?"

"బస్సు వేరే, ఇది వేరే."

"తప్పయితే దించెయ్. ముందుగాల ఎక్కనియ్యి."

ఎక్కనిచ్చాడు. అప్పుడప్పుడూ వచ్చి చూసుకునే ఇంజనీరు మేడం నాకు పని చూపించింది. బోర్డుకు మాటల దారులు రెండట, సీరియల్ పోర్టులు అంటారట. ఒక దారిలో మనం దానికి పని నేర్పుతాం. రెండో దారిలో అది తన సంగతి మనకు చెబుతుంది. రెండు దారులకూ రెండు యూఎస్‌బీ కేబుళ్ళు. గుచ్చగానే కంప్యూటర్ టుంగుమంటుంది, తెర మీద ఒక పేరు, దాని పక్కన అంకె వస్తాయి. నేర్పే దారికి మూడు, చెప్పే దారికి నాలుగు. నాలుగో అంకె కిటికీలో అక్షరాలు గడగడా జారి, చివర ఆకుపచ్చ గీత పడితే బోర్డు మంచిది. నేను అక్షరాలు చదవను, గీత చూస్తాను.

చిక్కంతా కేబుళ్ళతోనే. రెండూ నల్లవే, రెంటి మూతులూ ఒకటే. దీన్ని అందులో, దాన్ని ఇందులో పెడితే నేర్పే మాట చెప్పే దారిలో పోయి, తెర నిండా ఎర్ర గీతలు. మొదటి రోజు ఎన్నిసార్లు అలా చేశానో! మర్నాడు ఇంటి నుంచి చిటికెడు కుంకుమ తెచ్చాను. నూనెలో కలిపి, నేర్పే కేబుల్‌కు రెండు కొసలా బొట్టు పెట్టాను. కంప్యూటర్ వెనక దాని రంధ్రం పక్కన ఇంకో బొట్టు. ఇక తప్పు జరగలేదు.

బోర్డులకు తీగలు అతికే అక్క ఉంది. వయసులో నాకంటే పెద్దది, నిండు ముత్తైదువ. దసరాకు మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టేది ఆమే. నా బొట్టు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓ చెల్లే, ఏం పని చేసినవే? మొగడు లేనిదానివి, మిషన్‌కి బొట్టు పెడ్తవా?"

"మిషన్‌కి మొగడున్నడా అక్కా? దానికి లేని ఫికర్ నీకెందుకు?"

అందరూ పడీ పడీ నవ్వారు. అక్క నవ్వలేదు. "నవ్వుర్రి, నవ్వుర్రి. పని ఆగిపోయిన్నాడు తెలుస్తది" అని తన బల్ల దగ్గరికి పోయింది.

ఆ మాట ఒక సోమవారం పొద్దున నా మీద పడింది. బోర్డు గుచ్చాను. లైటు వెలిగింది. రెండుసార్లకు బదులు ఒక్కసారే టుంగుమంది. తెర మీద నాలుగు ఉంది, మూడు లేదు. తీసి మళ్ళీ గుచ్చాను. ఇంకో బోర్డు పెట్టాను, ఇంకోటి. అన్నీ లైటు వెలిగించుకుని మూగగా కూర్చున్నాయి. కింద ఆటో వచ్చి ఉంది, కార్వాన్ బస్తీలో దుకాణానికి పెట్టెలు పోవాలి. సేటు నా వెనక నిలబడ్డాడు.

"నేను చెప్పలే?" అంది అక్క, ఎవరినీ చూడకుండా.

సేటు గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇయ్యాల్టికి లే. రేపటి సంది చదువుకున్నామెను కూసోబెడ్త."

"లేవ."

"ఏంది?"

"లేవ సేట్. బోర్డు చెడిందో, నేను చెడగొట్టిన్నో తేలనియ్యి. నాదే తప్పని తేలితే నువ్వు చెప్పకముందే లేస్త. గిట్లయితే లేవ."

కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన పోయాక నన్ను ఎక్కడెక్కడి నుంచి లేపలేదు? పెళ్ళి పందిట్లో ముందు వరుస నుంచి లేపారు. సీమంతం పాట మధ్యలో లేపారు. ఇక చాలు అనిపించింది.

అప్పుడు చూశాను. రంధ్రం పక్కన బొట్టు ఉంది, అందులో గుచ్చిన కేబుల్‌కు లేదు.

"నా కేబులేది?"

అక్క తీగలు అతుకుతూ తల ఎత్తకుండానే అంది, "నేనే తీసిన. శనివారం పొయ్యేటప్పుడు. కొత్తది పెట్టిన, చార్మినార్ కాడ బండి మీద కొన్న. అందరి మంచికే చేసిన."

సేటు మేడంకు ఫోన్ చేసి, నేను వినేలా స్పీకర్ పెట్టాడు. సంగతంతా విని ఆ మేడం పిల్ల అంది, "ఆంటీ, అది ఫోన్ చార్జింగ్ కేబుల్ అయ్యుంటది. కొన్నిట్ల కరెంటు తీగలే ఉంటయ్, డేటా తీగలుండయ్. లైటొస్తది, మాట రాదు."

లైటొస్తుంది, మాట రాదు. మా ఆయన పోయిన కొత్తలో మరిది ఇంట్లో నేను బతికిన బతుకు అదే. వేళకు అన్నం పెట్టారు, కాదనను. నోరు మాత్రం తెరవనివ్వలేదు. అలాంటి తీగ నా బల్ల మీద ఎందుకు?

అక్క బీరువా పైనుంచి నా కేబుల్ తీసి బల్ల మీద పడేసింది. గుచ్చాను. టుంగుమంది. మూడు వచ్చింది. నేర్పాను, ఆకుపచ్చ గీత పడింది.

సేటు ఊపిరి వదిలాడు. "అమ్మా, ఒక మాట. ఆ బొట్టు తుడిచెయ్, ఎర్ర టేపు చుట్టు. నాకు మీ బొట్టు సంగతి తెల్వది. లొల్లి నక్కో, వద్దే వద్దు, మాల్ పోవాలె."

టేపు మంచిదే, నాకూ తెలుసు. కుంకుమ వేళ్ళకు అంటుతుంది, వారానికోసారి మళ్ళీ పెట్టాలి. కానీ ఇప్పుడు టేపు చుడితే నా చెయ్యి చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు.

"మొన్న చెప్తే చుట్టేదాన్ని సేట్. ఇయ్యాల చుట్ట."

ఆయన అక్క వైపు చూశాడు, కింద హారన్ కొడుతున్న ఆటో వైపు చూశాడు. "కానియ్యి" అన్నాడు.

అక్క చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే జావ కాచి ఇంటికి తెచ్చే మనిషి. అయినా ఇప్పటికీ బోర్డు నా చేతికివ్వదు. బల్ల అంచున పెట్టి ముఖం తిప్పుకుంటుంది.

"ఇంకింత జరుపక్కా, అందుతలే."

"లేసి తీస్కో."

"నేను లేవ."

గొణుక్కుంటూ వేలితో జరుపుతుంది.