టెలిఫోను తీగ మీద చదువుకున్న జయమణి మేడమ్

గత వారం ఒక మధ్యాహ్నం, రాయపూర్‌లో సిద్ధాంత గ్రంథం ప్రతులకు అట్టలు కట్టించుకుని భిలాయి బస్సెక్కాను. కుమ్హారిలో మా కళాశాల పూర్వవిద్యార్థిని ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. తరువాత మెల్లగా, "దీదీ, ఆప్‌కో పతా నహీఁ? మీకు తెలీదా? మణి మేడమ్ పొద్దున్న పోయారంట" అంది. ఒళ్లో ఉన్న గ్రంథం అట్ట మీద బంగారు రంగులో ఆమె పేరే ఉంది. ఆ పేరు మీద చెయ్యి పెట్టుకుని సుపేలా వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆ పేరు గల మనిషి ఇక లేదన్న మాట అప్పుడు నా బుద్ధికి అందలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికీ పూర్తిగా అందలేదు.

జయమణి మేడమ్ నాకు గణితం నేర్పిన గురువు, తరువాత అదే కళాశాలలో నా సహోద్యోగిని. ఆమె తండ్రి విజయనగరం వైపు నుంచి భిలాయికి వలస వచ్చి, ఇక్కడి ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కును అచ్చుల్లో పోసే చోట పనిచేశారు. సెక్టర్ 6 క్వార్టర్‌లో పుట్టి పెరిగిన మేడమ్, దక్షిణాదిన ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరారు. కరిగిన ఉక్కు దిమ్మగా గడ్డకట్టేటప్పుడు లోపలి వేడి బయటికి ఏ క్రమంలో ప్రయాణిస్తుందన్నది ఆమె పరిశోధనాంశం. "నాన్న ఒంటికి తెలిసిన వేడికి నేను లెక్క రాస్తన్నాను" అనేవారు.

ఆ ప్రాంగణంలో ఆమె ఎక్కువ కాలం ఉండలేదు. తండ్రి పోయారు. వెంటనే తల్లికి పక్షవాతం వచ్చింది. అన్నగారు అప్పటికే కర్మాగారంలో షిఫ్టుల మనిషి, ఇంకా పెళ్లి కాలేదు. మేడమ్ సెలవు పెట్టి వచ్చి, తల్లి మంచం పక్కనే ఉండిపోయారు. ఇక్కడి కళాశాలలో ఉద్యోగం దొరికింది, పరిశోధన ఆగిపోయింది. "సెలవు మీద వచ్చేననుకున్నాను సరళా. ఆ సెలవు అయిపోనేదు" అని ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు వెనుక ఉన్న బెంగను నేను చాలా ఏళ్ల తరువాత గాని గ్రహించలేదు.

కొన్నేళ్ల కిందట ఆమె పాత గురువుగారి నుంచి ఉత్తరం వచ్చింది. విశ్వవిద్యాలయంలో అనేక కంప్యూటర్లను కలిపి ఒకే యంత్రంలా పనిచేయించే క్లస్టర్ ఒకటి నెలకొల్పారనీ, టెలిఫోను ద్వారా బయటి ఊళ్ల నుంచి కూడా దానిలోకి వెళ్లవచ్చనీ, ఆమె పేరిట ఒక ఖాతా తెరిచాననీ రాశారు. మేడమ్ ఆ ఉత్తరాన్ని స్టాఫ్‌రూములో నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

తొలిసారి తీగ కలిసిన రోజున నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. చర్చి నుంచి వచ్చి, చీర అయినా మార్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆదివారాలు లైను కాస్త ఖాళీగా ఉండేది. ఫోను తీగను కంప్యూటరుకు కలిపే మోడెమ్ కీచుమంటూ కూయగానే మంచం మీది నుంచి తల్లిగారు, "ఏటే ఆ కూత? పిల్లి గాని నలిగిపోనాదేటి?" అని అడిగారు.

"పిల్లి కాదమ్మా. యూనివర్సిటీ."

"యూనివర్సిటీ అలాగరుస్తాదేటి?"

నల్లని తెర మీద పేరు చెప్పమని అడుగుతూ ఒక వరస వెలిగింది. ఆమె తన పేరు కొట్టి, వేళ్లు వెనక్కి తీసుకుని, "తలుపు తీసేరు సరళా" అన్నారు.

ఆనాటి నుంచి ఆమె ఆదివారాలన్నీ అక్కడివే. తన ప్రోగ్రామును ఇక్కడి నుంచి పంపేవారు. మా కంప్యూటర్లకు అలవిగాని ఆ గణనను క్లస్టర్ రోజుల తరబడి చేసిపెట్టేది. తరువాత ఫలితాల ఫైళ్లను తీగ మీదుగా దింపుకోవాలి. అదే అసలు తపస్సు. సగం దిగాక లైను తెగిపోయేది, మళ్లీ మొదటికి వచ్చేది. నాకు ఏడుపొచ్చేది. ఆమె మాత్రం పెద్ద ఫైలును అక్కడే చిన్న ముక్కలుగా చేయించి, ఒక్కొక్కటే దింపి, ఇక్కడ అతికించి, అక్షరం పోలేదని సరిచూసుకునేవారు. "తెగిందని ఏడవకు, ఎక్కడ తెగిందో సూడు" అనేవారు. తరగతి గదిలో లెక్క తప్పిన పిల్లలకూ ఇదే మాట చెప్పేవారు.

ఒకనాడు చివరి ముక్క దిగుతోంది. పక్క క్వార్టర్ నుంచి రమణమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. శ్రీకాకుళంలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురు, ఇంట్లో ఫోను లేదు. పని జరుగుతోందని చూసి ఆవిడ వెనక్కి తిరగబోయారు. మేడమ్ వెంటనే లైను కట్ చేసి రిసీవర్ ఆవిడ చేతిలో పెట్టారు. మనుమరాలు పుట్టిందని తెలిసి రమణమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ వెళ్లాక నేను దిగులుగా చూస్తుంటే, "ఫైలు ఎక్కడికి పోద్ది? పిల్ల పుట్టిన కబురు మళ్లీ మళ్లీ రాదు కదా" అన్నారు.

క్లస్టర్‌లో ఆ సమయానికి ఎవరెవరు పనిచేస్తున్నారో తెర మీద పేర్లు కనిపించేవి. లోపలికి వెళ్లగానే మేడమ్ ముందు ఆ పేర్లే చదివేవారు. వారితో రాతమూలకంగా సంభాషించే వీలుండేది. మురళి అనే పరిశోధక విద్యార్థి ఒకసారి తన ప్రోగ్రాములో దోషం దొరకక సాయమడిగితే ఓపికగా విప్పి చెప్పారు. అప్పటి నుంచి అతడూ అతడి మిత్రులూ ఆదివారం కోసం సందేహాలు దాచుకుని కూర్చునేవారు. సొంత పని పక్కకు పెట్టి మరీ వాళ్లకు జవాబులు రాసేవారామె.

నిరుడు శీతాకాలంలో తల్లిగారు కన్నుమూశారు. గ్రంథం ముగించి, దాన్ని స్వయంగా తీసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లాలని మేడమ్ నిశ్చయించుకున్నారు. "ఆ లైబ్రరీ మెట్ల మీద ఒక పూట ఊరికే కూర్చోవాలే" అన్నారు. అంతలోనే రక్తంలో వ్యాధి బయటపడింది. ఆసుపత్రి మంచం మీది నుంచి నాకు తన పాస్‌వర్డ్ చెప్పి, "ఆఖరి ఫలితాలు నువ్వే దింపాలి. నా పేరుతోనే లోపలికెళ్లు" అన్నారు. దింపాను. ఆ కాగితాలు ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూసుకుని, చివరి అధ్యాయం నోటితో చెబుతూ నాచేత రాయించారు. మధ్యమధ్య ఆయాసంతో ఆగేవారు. పూర్తయిన రోజున, "బైండింగ్ మంచి చోట సేయించు. సుపేలాలో వద్దు, రాయపూర్ ఎల్లు" అన్నారు. ఆమె నాతో అన్న చివరి మాటలు అవే.

గ్రంథాన్ని గురువుగారికి పంపాను. పట్టా విషయం విశ్వవిద్యాలయం పెద్దల ముందు పెడతానని ఆయన ఫోనులో అన్నారు.

సమాధి కార్యక్రమం అయ్యాక అన్నగారు నన్ను పిలిచి, "అక్కడోలకి ఎవులు సెప్తారమ్మా? నువ్వే సెప్పాల" అన్నారు. ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె పేరుతోనే క్లస్టర్‌లోకి వెళ్లాను. ఆ పేరు కనబడగానే మురళి రాశాడు: "మేడమ్, వచ్చారా? చాలా రోజులైంది. మీ కోసం ఒక సందేహం ఉంచాను."

నేనెవరో చెప్పి, జరిగింది రాశాను. తరువాత, "మేమందరం ఇప్పుడే వస్తాం. మేడమ్ ఇల్లు ఏ బ్లాకులో?" అని వచ్చింది.

అప్పుడర్థమైంది నాకు. ఇన్నేళ్లూ ఆ పిల్లలు ఆమెను ప్రాంగణంలోనే ఏదో పక్క భవనంలో ఉన్న మేడమ్ అనుకున్నారు. వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

"భిలాయి" అని కొట్టాను. ఇక జవాబు రాలేదు. లైను తెంపడానికి నాకూ చేతులు రాలేదు.

పాఠం చెప్పేవారు మాకు మళ్లీ దొరుకుతారేమో. జయమణి మేడమ్ దొరకరు. ఏ చోటికి తిరిగి వెళ్లలేకపోయానని ఆమె బతుకంతా బెంగపడ్డారో, ఆ చోటివాళ్లు ఆమెను ఏనాడూ దూరపు మనిషిగా ఎంచలేదు. ఈ సంగతి చెబితే ఆమె ఎంత సంతోషించేవారో. చెప్పడానికి ఆమె లేరు.