హౌస్‌బోటులో గంజి

పగిడయ్య చివరగా చేసిన పని ఒక ఫోన్. బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర ఎవరిదో సెల్లు అడిగి తీసుకుని, సత్తుపల్లిలో ఉన్న కూతురు సుజాతకు చేశాడు. అవతలి మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని ఆయన లెక్క.

"బిడ్డా, మామిడి కొత్త అయ్యింది! ఇంక తినుండ్రి!"

"అవ్ అయ్యా. పానం మంచిగున్నదా?"

"నాకేమైతది? పెడుతున్న. గీయన బ్యాలెన్సు అయిపోతాందని మొఖం మాడ్చుకుంటుండు."

అంతే. ఆ వారం తిరగకముందే గుండెల్లో నొప్పి అని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది వాళ్ల కోయగూడెం. మామిడి పిందెలు చెట్టు నిండా వేలాడుతున్నా, పూజారి ఒక రోజు నిర్ణయించి, గ్రామదేవతలకు కొత్తకాయ పెట్టేదాకా అక్కడ ఎవరూ నోట పెట్టరు. దాన్నే కొత్త అంటారు. సుజాత నర్సు ఉద్యోగంలో చేరి సత్తుపల్లికి వచ్చేశాక, కొత్త అయిన కబురు ఆమెకు చేరవేయడం పగిడయ్య పనైంది. మొదట్లో బస్సు కండక్టర్లతో చెప్పి పంపేవాడు, తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి, ఆపైన సెల్లులో. దవాఖానాలో మధ్యాహ్నంపూట తోటి నర్సులు పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూకారం అద్దుకుని తింటూ, "ఏం సుజాతా, మీ నాయిన ఆర్డరు రాలేదా ఇంకా?" అని ఊరించేవాళ్లు. ఆమె నోట్లో నీళ్లూరుతున్నా నవ్వి ఊరుకునేది. దేవతల మీద ఆమెకు ఎంత నమ్మకం ఉందో ఆమెకే తెలియదు. కానీ ఆ ఫోన్ కోసం ఎదురుచూడటం ఆమెకు ఇష్టం.

పగిడయ్య పెద్ద చరిత్ర ఉన్న మనిషేం కాదు. జొన్న చల్లేవాడు, వెదురు కొట్టేవాడు, వానలు పడితే వాగుకు అడ్డంగా బుట్టలు పెట్టి చేపలు పట్టేవాడు. చేప అంటే ఆయనకు ప్రాణం. ముల్లు దగ్గర కండ కూడా వదలకుండా, పళ్లెంలో తెల్లటి దువ్వెన మిగిలినట్టు తినేవాడు. సుజాత ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదివిన రోజుల్లో, నిప్పుల మీద కాల్చిన చేపల్ని మోదుగాకుల్లో చుట్టుకుని అడవిదారిన నడిచి వచ్చేవాడు. గేటు పక్క రాతి మీద కూర్చుని, కూతురు తింటుంటే చూసేవాడు. "నువ్వు గూడ తిను అయ్యా" అంటే, "నేను తినే వచ్చిన" అనేవాడు. ఆయన తినలేదని, వెళ్లేటప్పుడు బోరింగు దగ్గర కడుపు నిండా నీళ్లు తాగే తీరు చూస్తే ఆమెకు తెలిసిపోయేది. ఎప్పటికైనా తండ్రిని కూర్చోబెట్టి, చాలు చాలనేదాకా చేపలు తినిపించాలన్న కోరిక అప్పటినుంచీ ఆమెలో అలాగే ఉండిపోయింది.

రెండు వేల ఆరు వేసవిలో ఆ అవకాశం వచ్చిందనుకుంది. బొగ్గుగనిలో డంపర్ నడిపే ఆమె భర్త రవీందర్, కేరళ వెళ్లొచ్చిన దోస్తుల ఫొటోలు చూసి పట్టుబట్టాడు. నీళ్ల మీద ఇల్లు, అందులోనే వంట, అందులోనే నిద్ర. మొదట తల్లి జంపక్కను అడిగారు.

"తునికాకు టైముల నేను యాడికి రాను. మీ అయ్యను తోల్కపోండ్రి. ఈడుంటే కల్లం కాడ ముచ్చట్లు పెట్టుడు తప్ప చేసేదేం లేదు" అందామె.

పగిడయ్య తటపటాయించాడు. ఆ ఏడు పూజారి ఇంట్లో చావు జరిగి కొత్త వెనక్కి పోయింది. "కొత్త అయినంక పోదాం బిడ్డా" అన్నాడు. అప్పటికే టికెట్లు తీసేశారు.

"మామా, నీళ్ల మీద తిరిగెటందుకు పోతున్నం, మామిడితోటల కావలికి గాదు" అన్నాడు రవీందర్. అల్లుడి మాటకు పగిడయ్య పకపకా నవ్వి, తెల్ల పంచె సంచిలో పెట్టుకున్నాడు.

ఖమ్మంలో రైలెక్కి, ఎర్నాకుళంలో దిగి, బస్సులో అలెప్పీ చేరారు. హౌస్‌బోటు చూడగానే పగిడయ్య అందులోకి ఎక్కలేదు. ఒడ్డునే ఉండి దాని పక్కల్ని చేత్తో తడిమి చూశాడు. మేకులు కనిపించలేదు. పలకల్ని కొబ్బరితాళ్లతో కుట్టారు. పైకప్పుకు వెదురుబద్దల అల్లిక. "ఇది పడవ గాదు బిడ్డా, పెద్ద బుట్ట" అన్నాడు మెచ్చుకోలుగా. ఆ తర్వాతే కాలు పెట్టాడు.

పడవ కదిలాక ఎనిమిదేళ్ల మనవరాలు జ్యోత్స్న ఆయన పక్కన చేరింది. నీటికాకులు కర్రల మీద రెక్కలు ఆరేసుకుంటున్నాయి. లకుముకి పిట్ట ఒకటి నీళ్లలోకి రాయిలా పడి, చేపతో లేచింది. ఒకచోట కాలువంతా బాతులే, వాటి వెనక చిన్న పడవలో కాపరి.

"తాతా, ఇది మన గోదారేనా?"

"గోదారికి యాడికో పోయే పనుంటది. దీనికి ఏ పని లేదు, కూసున్నది."

"నీ లెక్కనా?"

"అవ్, నా లెక్కనే" అని మనవరాలి జడ లాగాడు.

తర్వాత వెనక వంటగది గుమ్మం దగ్గర చేరాడు. వంటాయన మలయాళం, ఈయన కోయ. ఒకరిది ఒకరికి ముక్క అర్థం కాకపోయినా, చేప పొలుసు తీయడం దగ్గర మొదలైన కబుర్లు పొద్దు నడినెత్తికొచ్చేదాకా సాగాయి. పసుపు, కొబ్బరిపాలు, కరివేపాకు కలిసి ఉడుకుతున్న వాసన పడవంతా కమ్ముకుంది. సుజాతకు కడుపులో ఏదో పండగలా ఉంది.

అరిటాకులు పరిచారు. ఎర్రటి అన్నం, రొయ్యలు, కొబ్బరిపాలలో చేపల పులుసు. జ్యోత్స్న అప్పటికే తినడం మొదలుపెట్టింది. రవీందర్ వేళ్లు నాకుతూ, "పులుపు గమ్మతుగున్నది, చింతపండు గాదు" అన్నాడు. పడవ నడిపే మనిషి వచ్చీరాని హిందీలో, తమ ఊరి వైపు ఎండబెట్టిన నల్లటి తొక్క ఒకటి ఉంటుందని, చేపల్లో పులుపుకు అదే వేస్తారని చెప్పాడు.

పగిడయ్య కూర్చుని మనవరాలి ఆకువంక చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. "ముల్లు చూస్కొని తిను బిడ్డా" అన్నాడు. తన ఆకులో సుజాత వేయబోతున్న చేపముక్కకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు వద్దు."

"ఎందుకయ్యా? పానం బాగలేదా?"

"గంజి ఉంటె పొయ్యి. ఒక పచ్చి మిరపకాయ."

ఆమె బతిమాలింది. రవీందర్ బతిమాలాడు. వంటాయన గుమ్మంలో నిలబడి, తన వంటలో ఏం తప్పొచ్చిందో తెలియక బిక్కమొహం వేశాడు. పగిడయ్య ఆయనకు దణ్ణం పెట్టాడు గానీ చేప ముట్టలేదు. రాత్రికీ అంతే, మర్నాడు పొద్దున్నా అంతే. గంజి, ఉప్పు, మిరపకాయ.

"ఇంత దూరం తోల్కొచ్చింది గంజి తాగనీకా అయ్యా?" అంది సుజాత.

"కోపం చెయ్యకు బిడ్డా. నాకు మంచిగనే ఉన్నది. పిట్టల్ని జూస్తె కడుపు నిండింది."

హాస్టల్ గేటు దగ్గరి మాట లాంటిదే ఇదీ అనిపించింది ఆమెకు. కూతురి కూడు ఆయనకు సయించలేదనుకుంది. రైల్లో తిరిగి వచ్చేటప్పుడు కిటికీవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. ఆయనేమో పై బెర్తు మీద జ్యోత్స్నకు లకుముకి పిట్ట దూకే తీరు చేత్తో చేసి చూపిస్తూ ఉన్నాడు.

జూన్‌లో గూడేనికి వెళితే ఇంకో గొడవ. సంక్రాంతి సెలవుల్లో జ్యోత్స్న ఒక నల్లపుంజును తనదని చెప్పుకుని, కాలికి ఎర్ర రిబ్బను కట్టి వచ్చింది. ఇప్పుడది లేదు.

"అడివిపిల్లి ఎత్తుకపోయింది బిడ్డా" అన్నాడు పగిడయ్య.

"నువ్వేం చేస్తున్నవ్ తాతా? నిద్రపోయినవా?"

"నిద్రపోయిన" అని ఒప్పుకున్నాడు. తిరుగు బస్సు ఎక్కేదాకా ఆ పిల్ల తాతతో మాట్లాడలేదు.

ఆయన పోయిన మరుసటి ఏడు, జూన్ నెల. దవాఖానాలో కొత్తగా చేరిన మలయాళీ సిస్టర్ టిఫిన్ డబ్బాలో చేపల పులుసు తెచ్చి సుజాతకు పెట్టింది. మొదటి ముద్దకే పడవ, బాతులు, అరిటాకులు, గంజి గ్లాసు కళ్లముందుకొచ్చాయి.

"గీ పులుపు నల్ల తొక్కది కదా?" అని అడిగింది సుజాత.

"అది వేరే వైపు. మా అలెప్పీలో చేపల్లో పచ్చిమామిడే వేస్తాం. కొబ్బరిపాలలో కరిగిపోతుంది, కనబడదు."

సుజాత ముద్దను డబ్బా మూతలో పెట్టేసింది. వంటగది గుమ్మంలో పొద్దంతా కూర్చున్న తండ్రి, వంటాయన పులుసులోకి ఏం తరిగాడో చూసే ఉంటాడు.

ఆ ఆదివారమే గూడేనికి వెళ్లి తల్లిని అడిగింది. జంపక్క చాటలో జొన్నలు చెరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"జెప్పిండు నాతోటి. మీకు జెప్పొద్దని ఒట్టు పెట్టిండు. కొత్త గాకముందు తెల్వక తింటె దేవతలకు కోడి ఇచ్చుకుంటే సరిపోతదట. తెలిసినంక తింటె సరిపోదట. చెప్తె తెలిసినట్టయితది, పిల్ల నోట్లె ముద్ద ఉన్నది, ఎట్ల చెప్పాలె జంపీ అన్నడు."

"మరి కోడి ఇచ్చిండా?"

"ఇయ్యకుంట ఉంటడా? కొత్తనాడు మీ ముగ్గురి పేరు మీద ఇచ్చిండు."

చాట ఒకసారి ఎగరేసి, పొట్టు ఊది, మళ్లీ అంది:

"తిన్నోళ్ల కోడే ఇయ్యాలె గద బిడ్డా. మన పెరట్ల 'మీది' అని చెప్పుకునే కోడి ఆ నల్లపుంజొక్కటే ఉండె."