బోను తీసేసిన కోర్టు

సిడ్నీ నగరంలోని ఈ పారమట్టాకి రాకముందు కొన్నేళ్లు, ఆస్ట్రేలియాలోనే గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో, మన మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్లో ఇంజనీరుగా పనిచేశాను. అక్కడి నేల మా ప్రకాశం జిల్లా నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పాత కోర్టు గోడ పగిలింది, చూసి రిపోర్టు రాయమని నాకు అప్పగించారు.

కేసులన్నీ పెద్ద ఊరికి తరలిపోయి ఆ కోర్టు చాన్నాళ్లుగా మూతపడి ఉంది. ఎర్ర ఇటుక కట్టడం, ముఖద్వారానికి మాత్రం రాతి స్తంభాలు. నడుమ ఎత్తైన హాలు, రెండు పక్కలా పొట్టి గదులు, ముందు రేకుల వరండా. చుట్టూ చిన్న చిన్న చెక్క ఇళ్లుంటే ఇదొక్కటే ఇంత ఠీవిగా ఎందుకు కట్టారో లోపలికెళ్లాక తెలిసింది. అక్కడ నిలబడ్డ మనిషి తనెంత చిన్నవాడో తెలుసుకోవాలి. మేజిస్ట్రేటు పీఠం అంత ఎత్తున ఉంది. దాని ఎదురుగా ముద్దాయి బోను. కిటికీలు తలకి చాలా పైన.

నేను కొలతలు తీసుకుంటుంటే ఒక పెద్దావిడ చేతికర్రతో వచ్చి గుమ్మంలో ఆగారు. ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న ఆదివాసుల్లో పెద్ద ఆవిడ. ఊరంతా ఆంటీ అనే పిలుస్తారు. మనకీ అలవాటైన పిలుపే కాబట్టి నాకూ నోట్లోంచి తేలిగ్గా వచ్చేది.

"లోపలికి రావచ్చా?" అన్నారు.

"రండి ఆంటీ. చెక్కలు పుచ్చిపోయాయి, చూసుకుని అడుగు వెయ్యండి."

నేరుగా బోను దగ్గరికి వెళ్లారు. "మా నాన్నని ఇక్కడే నిలబెట్టారు," అన్నారు.

ఆదివాసులందర్నీ ఊరి బయట, రిజర్వు అని సర్కారు గీసిన హద్దులో ఉంచిన రోజులవి. అక్కడి మేనేజరు అనుమతి లేకుండా గేటు దాటకూడదు. ఆంటీ వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి ఆయన దాటొచ్చాడు. పట్టుకున్నారు.

"నేను బయట వరండాలో ఉన్నాను. మమ్మల్ని రానివ్వలేదు. కిటికీలు అంత పైనుంటే ఏం కనబడుతుంది? ఆయన్ని వెనక తలుపు నుంచి తీసుకెళ్లిపోయారు. జైలు నుంచి తిరిగొచ్చేసరికి మా అమ్మ లేదు."

ఆవిడ బోనులో నిలబడి చెక్క కమ్మీ మీద చెయ్యి వేశారు. నేను టేపు చుట్టేసి బయటికి వచ్చేశాను.

వెళ్తూ, "ఈ బోనుని ఉంచమని చెప్తావా? మా పిల్లలు చూడాలి," అన్నారు.

చెప్పాను. రిపోర్టులో రాశాను, కౌన్సిల్ మీటింగులో లేచి మాట్లాడాను. ఆంటీ కూడా వచ్చి మాట్లాడారు. అందరూ ఓపిగ్గా విన్నారు. పెళ్లిళ్లకి అద్దెకివ్వాలంటే హాలు ఖాళీగా ఉండాలి, దానికి బదులు ఆవిడ కథ ఇత్తడి పలక మీద చెక్కిస్తామన్నారు. ఆంటీ కర్ర తీసుకుని లేచి వెళ్లిపోయారు. గోడ బాగుచేసే పని నాకే వచ్చింది. పునాది గట్టి చేయించి, ఆ ఉద్యోగం వదిలి సిడ్నీ వచ్చేశాను. బోను ఆ తర్వాతే తీశారు.

నిరుడు ఆంటీ పోయారని తెలిసి అంత్యక్రియలకి వెళ్లాను. అవి అయ్యాక ఆవిడ మనవరాలు నన్ను కోర్టుకి తీసుకెళ్లింది. అక్కడే స్కూల్లో టీచరు. గోడ నిక్షేపంలా ఉంది. లోపల కొత్త నేల నున్నగా మెరుస్తోంది. పలకా ఉంది. అందులో కట్టడం గురించే తప్ప మనుషుల గురించి ఒక్క మాట లేదు.

"ముత్తాత ఎక్కడ నిలబడ్డాడు?" అని అడిగింది.

అటూ ఇటూ నడిచి చూశాను. పీఠం కూడా తీసేశారు, ఆనవాలేదీ దొరకలేదు.

"ఇక్కడెక్కడో," అన్నాను.

నేను చూపించిన చోట ఆ అమ్మాయి వెళ్లి కాసేపు నిలబడింది. అది సరైన చోటో కాదో నాకిప్పటికీ తెలియదు.